కాఫీ తాగితే నల్లబడతారట!

నేను ఒక ఇత్తడి కాఫీ ఫిల్టర్ని. స్టీలు సామాను రాజ్యమేలే ఈ రోజుల్లో నన్ను చూసి, ‘ఇంకా వాడుతున్నారా దీన్ని!’ అని ముక్కున వేలేసుకునేవాళ్ళున్నారు. వేసుకోనివ్వండి. పొద్దున్నే లేచి దేవుడి పటం వైపు ఓ చూపు విసిరి, తిన్నగా నా దగ్గరికొచ్చి భక్తిగా నిలబడే మనుషుల్ని రెండు తరాలుగా చూస్తున్నాను. నాకు లేని గొప్ప ఎవరికుంటుంది?

పుట్టింది అజ్జరంలో. తణుకు దగ్గర, ఇత్తడి సామానుకు పేరున్న ఊరు. పగిలిన బిందెలూ, చెవులూడిన గంగాళాలూ కరిగించి మా కంచరి నన్ను చేశాడు. రాగి ఎర్రన, జింకు తెల్లన. ఆ రెండూ కలిస్తే నేను పచ్చగా తేలాను. ‘ఇదేమిటి, అటు తల్లీ కాదు, ఇటు తండ్రీ కాదు, ఎవరి పోలిక?’ అని నన్ను చూసి ఒక్కరూ అడగలేదు. అలాంటి ప్రశ్నలు మనుషులు మనుషుల కోసమే దాచుకుంటారని తర్వాత తెలిసింది.

నా ఒడ్డూ పొడుగూ చెప్పాలంటే, నాలో రెండు గిన్నెలున్నాయి. పై గిన్నె అడుగున సన్నని చిల్లులు. అందులో కాఫీ పొడి వేసి, చిల్లుల బిళ్లతో అణిచి, మరిగిన నీళ్ళు పోసి మూత పెడితే, కింది గిన్నెలోకి చుక్క చుక్కగా డికాషన్ దిగుతుంది. నన్ను తొందరపెట్టి లాభం లేదు. ఎంత పెద్ద ఆఫీసరైనా నా ముందు కాళ్ళు చాపుకుని కూర్చోవలసిందే.

నన్ను కొన్నది తణుకు మాణిక్యాంబ. పాత రాగి బిందె ఇచ్చి, దాని బదులు నన్ను తెచ్చుకుంది. కాఫీ విషయంలో ఆవిడది నిప్పులాంటి మడి. మొదటి డికాషన్ తనకూ భర్తకూ. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగే రెండో డికాషన్ ఊసుపోక వచ్చి కూర్చునేవాళ్ళకు. ఎవరి మీద ఆవిడకు ఎంత గౌరవముందో గ్లాసులోని రంగు చూసి చెప్పేయవచ్చు.

మాణిక్యాంబ మంచి పసిమి ఛాయ మనిషి. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. భర్త రామలింగం గారు చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా, నలుపు. ‘మగవాడికి రంగేమిటిలే’ అని ఆవిడ సరిపెట్టుకుంది గాని, కూతురు తండ్రి రంగులో పుట్టేసరికి మాత్రం సరిపెట్టుకోలేకపోయింది. పైగా పుట్టకముందే పేరు అనుకుని పెట్టుకున్నారాయె, హైమవతి అని. మంచుకొండ కూతురన్నమాట. ‘మంచుకొండ కాదు, బొగ్గుకొండ’ అని వీధిలో పిల్లలు వెక్కిరించేవారు. పెద్దవాళ్ళు అంత మాట అనేవారు కాదు. వాళ్ళు జాలిపడేవారు. ఆ జాలి కన్నా వెక్కిరింతే నయం అనిపించేది నాకు.

ఇక మొదలైంది సున్నిపిండి, పసుపు, మీగడ. ఆ పిల్ల ఒంటికి రాసిన మీగడంతా దాచి ఉంటే ఓ పెళ్ళికి సరిపడా నెయ్యి కాచుకునేవారు. వీటన్నిటికీ తోడు నా మీద ఒక నిషేధం. “కాఫీ తాగితే నల్లబడతావే!” అనేది మాణిక్యాంబ. ఈ మాట ప్రతి ఇంట్లోనూ ప్రతి పిల్లకీ చెప్తారు. కాఫీ మిగుల్చుకోవడానికి పెద్దవాళ్ళు కనిపెట్టిన తెలివైన అబద్ధమది. కాని ఆవిడ మాత్రం నిజమని నమ్మింది. భీమవరం నుంచి తోడికోడలి పిల్లలు సెలవులకు వస్తే, “ఒక్క గుటకకి ఏం కాదులే, మీరు తెల్లగానే ఉన్నారుగా” అని వాళ్ళకు తలా కాస్త పోసేది. హైమకి మాత్రం పాలు. ఆ పిల్ల నా పక్కన పీట వేసుకుని కూర్చుని, మూత సందులోంచి వచ్చే వాసన పీల్చుకునేది. నా దగ్గర దానికి దక్కింది అంతే.

ఒకరోజు అడిగింది.

“అమ్మా, నాన్న చిన్నప్పుడు కాఫీ బాగా తాగేసేవాడా?”

మాణిక్యాంబ పడీ పడీ నవ్వింది. ఆ మాటను వీధి వీధంతా చెప్పుకుని మరీ నవ్వింది. హైమ నవ్వలేదు. ఆ పిల్ల నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆ తర్వాత రంగు గురించి తల్లిని ఎప్పుడూ ఏమీ అడగలేదు.

హైమ పెరిగింది, చదువుకుంది, లెక్కల టీచరు అయింది. రామలింగం గారు కాలం చేశారు. పెళ్ళిచూపులు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళకి కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకెళ్ళేది హైమే. తను ఎన్నడూ నోట పెట్టని కాఫీని ఎవరెవరికో తనే అందించి, తల వంచుకుని కూర్చునేది. తాగినవాళ్ళు గ్లాసు కింద పెట్టి, “చామనఛాయ అన్నారండీ...” అని నసిగి వెళ్ళిపోయేవారు. నా కాఫీ తాగి ఆ మాట అన్నవాళ్ళని ఇప్పటికీ నేను క్షమించలేదు.

ఒకసారి రాజమండ్రి నుంచి గంగాధరం వచ్చాడు. కళ్ళద్దాల షాపు అతనిది. మనిషి బెల్లం రంగు. హైమని ఏదో అడగబోయి, ఆమె చేతిలో గ్లాసు లేకపోవడం చూశాడు.

“మీరు తాగరా అండీ?”

“నాకు అలవాటు లేదండి.”

“ఇంత బాగా ఉన్నదాన్ని మీరు తాగకుండా మాకిచ్చేస్తే ఎలా?” అని తన గ్లాసులోది సగం, దాని కింద ఉండే డబరా గిన్నెలో వంచి ఆమె ముందుకు జరిపాడు.

మాణిక్యాంబ ముఖం చూడాలి అప్పుడు! హైమ మాత్రం తల్లి వైపు చూడలేదు. డబరా రెండు చేతులా పట్టుకుని ఒక్క గుటక తాగింది. కళ్ళు మూసుకుంది. అన్నేళ్ళ వాసన అప్పుడు నాలుక మీదికి వచ్చింది కాబోలు. కళ్ళు తెరిచి, “హమ్మయ్య. ఇప్పుడు చెప్పండి” అంది. అందరూ గొల్లుమన్నారు. సంబంధం అక్కడికక్కడే కుదిరింది. ఆ రోజు నుంచీ ఆమెకి అదే అలవాటు. మొదటి గుటక, కళ్ళు మూసుకోవడం, “హమ్మయ్య. ఇప్పుడు చెప్పండి.” ఆ మాట అనేదాకా ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పకూడదు.

కాపురానికి వెళ్తూ నగా నట్రా మాట అటుంచి, ఆమె నోరు తెరిచి అడిగింది నన్నొక్కదాన్నే. అలా రాజమండ్రి చేరాను.

పిల్లలు కలగలేదు. డాక్టర్లయ్యారు, మొక్కులయ్యాయి. చివరికి ఇద్దరూ దత్తతకు పేరు నమోదు చేసుకున్నారు. చాలాకాలం ఎదురుచూశాక కబురొచ్చింది. ఈశాన్యంలో, కొండల మధ్య ఒక ఊళ్ళో శిశుగృహం. అక్కడ అప్పుడప్పుడే నడక నేర్చిన ఆడపిల్ల. వెళ్ళి తెచ్చుకున్నారు.

ఆ పిల్ల మా వంటింట్లో అడుగుపెట్టిన క్షణం నాకు బాగా గుర్తు. పాలమీగడ రంగు, గుండ్రటి బుగ్గలు, చిన్న చిన్న కళ్ళు, చెప్పిన మాట వినకుండా నుదుటి మీద పడే తిన్నని జుట్టు. శిశుగృహంలో పెట్టిన పేరు యామీ. “అదొక్కటే అది వెంట తెచ్చుకున్న సామాను, మనమెందుకు మార్చడం?” అంది హైమ. ఇరుగుపొరుగు వారం తిరక్కుండా ‘యామిని’ చేసేశారనుకోండి, అది వేరే సంగతి.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. “అబ్బ, ఎంత తెలుపండీ! ఇంట్లో ట్యూబులైటు వేసినట్టుంది.” మాణిక్యాంబ మకాం తణుకు నుంచి రాజమండ్రికి మార్చేసింది. “పోలికంటావా, నా పోలికే. నా రంగు ఒక తరం దాటి వచ్చింది” అని అందరితో చెప్పేది. ఎక్కడి కొండలు, ఎక్కడి తణుకు! ఆవిడ ముఖంలో వెలుగు చూసి ఎవరూ కాదనలేదు. హైమ కూడా నవ్వి ఊరుకునేది. ఆ నవ్వులో ఏదో గుచ్చుకున్నట్టుండేది గాని, దాన్ని కాఫీతో దిగమింగేసేది.

పిల్ల మాత్రం అన్నీ చూస్తూనే ఉంది. పసిపిల్లలకి రంగులు కనపడవు, అందరూ ఒకటే వాళ్ళకి అని మనుషులు మురిసిపోతుంటారు. ఎవరు చెప్పారో! గచ్చు మీద కూర్చుని ఏ గిన్నెకి ఏ మూతో వెతికి జతపెట్టే పిల్లకి, తన చెయ్యీ తల్లి చెయ్యీ ఒకే రంగులో లేవని కనపడదా? ఒకరోజు యామీ ఆటలోనే తేల్చేసింది.

“నువ్వు కాఫీ పొడి. నాన్న బెల్లం. నేను ఇడ్లీ.”

“ముగ్గురం కలిస్తే మంచి టిఫినే” అన్నాడు గంగాధరం.

“నువ్వూ అమ్మా జత. నాకు జత లేదు.”

“మనం ముగ్గురం జతేరా” అని హైమ ముద్దుపెట్టుకుంది.

“జతంటే ఒక్కలా ఉండాలి” అని ఆ పిల్ల మళ్ళీ మూతల్లో పడింది.

ఆ పిల్లకి అప్పట్లో దాని గురించి దిగులు లేదు. ఎందుకంటే తనకో సిద్ధాంతం ఉంది. పెనం మీద దోసె ముందు తెల్లగా ఉంటుంది, తర్వాత ఎర్రబడుతుంది. అరటిపండూ రోజులు గడిచేకొద్దీ నల్లబడుతుంది. కాబట్టి చిన్నపిల్లలు తెల్లగా మొదలై, పెద్దయ్యేసరికి అమ్మ రంగుకి వస్తారు. మరి అమ్మమ్మ? అమ్మమ్మ ముసలిదైపోయి, జుట్టులాగే ఒళ్ళు కూడా వెలిసిపోయింది. ఎంత పొందికైన లెక్క! ఎక్కడా వేలు పెట్టడానికి సందు లేదు.

ఆ లెక్కకి తొందర వచ్చింది పుష్కరఘాట్‌లో. సాయంత్రం ఐస్‌క్రీం తింటుండగా ఎవరో ఆవిడ యామీ బుగ్గ గిల్లి, హైమ వైపు తిరిగి, “పాప వాళ్ళమ్మ రాలేదా? ఎన్నాళ్ళనించి చూసుకుంటున్నావు నువ్వు?” అని అడిగిందట. “నేనే వాళ్ళమ్మనండీ” అని హైమ చెప్పగానే ఆవిడ తడబడి, ‘నువ్వు’ని ‘మీరు’ చేసేసి, “అయ్యో, మీరా... పాప మరీ తెల్లగా ఉంటేనూ...” అందట. ఇంటికొచ్చి గంగాధరానికి చెప్తూ హైమ నవ్వబోయి నవ్వలేకపోయింది. వంటింటి బల్ల కింద యామీ ఉన్న సంగతి ఇద్దరూ గమనించలేదు. నాకు కనపడుతూనే ఉంది. ఆ పిల్ల తన మోచేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

మర్నాడు అమ్మమ్మ దగ్గర చేరింది.

“అమ్మమ్మా, నేను అమ్మ రంగు ఎప్పుడవుతాను?”

“అయ్యో రామ! నీకదేం ఖర్మే! బంగారంలాంటి రంగు నీది. కాఫీ జోలికి మాత్రం వెళ్ళకు, మీ అమ్మలా నల్లబడిపోతావు.”

పాపం, మాణిక్యాంబ భయపెట్టాననుకుంది. నిజానికి దారి చూపించింది. యామీ కళ్ళు మెరవడం చూసి నాకు గుండె జారింది. నాకు గుండె లేదంటారా? అయితే ఏదో ఒకటి జారింది.

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. గంగాధరం షాపులో ఉన్నాడు. మాణిక్యాంబ కునుకు తీస్తోంది. హైమ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. యామీ స్టూలు లాక్కొచ్చి, ఎక్కి, నా మూత తీసి, పై గిన్నె ఊడదీసి పక్కన పెట్టింది. సాయంత్రానికని దింపి ఉంచిన డికాషన్ ఉంది నాలో. నన్ను వంచి లోపలికి చూసింది. నాకు ఎప్పుడో వేయించిన తగరపు కళాయి పూత ఊడిపోయి, ఏళ్ళ తరబడి డికాషన్ మరక పట్టి, లోపలంతా కారునలుపు. పైన పచ్చగా, లోపల నల్లగా ఉన్న నన్ను చూశాక ఆ పిల్లకి ఇంకేం రుజువు కావాలి?

ముక్కు మూసుకుని తాగింది. చేదుకి ఒళ్ళంతా జలదరించింది. అయినా ఆపలేదు. ఏ పిల్లా మందు కూడా అంత పట్టుదలగా తాగగా నేను చూడలేదు. గిన్నె ఖాళీ అయ్యాక, పై గిన్నెలోని పిప్పి తీసి చేతులకీ బుగ్గలకీ రాసుకుంది. ఎందుకైనా మంచిదని కాబోలు. తర్వాత స్టూలు మీదే కూర్చుని, చేతులు ముందుకు చాపి, ఎదురుచూసింది.

రంగు రాలేదు. వాంతి వచ్చింది. చేతులు వణకడం మొదలుపెట్టాయి. పిల్ల కేకకి హైమ పరుగెత్తుకొచ్చింది. ఆ తర్వాత ఇంట్లో జరిగిన గందరగోళం చెప్పనక్కర్లేదు. పిల్లని ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తారు. నేను బోర్లా పడి వంటింటి గచ్చు మీదే ఉన్నాను. పొద్దుగూకాక తిరిగొచ్చారు. గండమేమీ లేదట, నీళ్ళు బాగా పట్టించమన్నారట. పిల్ల నీరసంగా నిద్రపోయింది. మాణిక్యాంబ ఏడుస్తూ కోపమంతా నా మీద చూపించింది. “ముందీ పాడు ఫిల్టర్ని పాత సామాన్లవాడికి వేసెయ్యవే! దీన్ని నా చేతుల్తో నేనే కొన్నాను, నా ఖర్మ!”

మనుషులకి ఇదొక సుఖం. వాళ్ళ నోటి నుంచి వచ్చినదానికి శిక్ష వేయడానికి పక్కనే ఒక వస్తువుంటుంది. నన్ను విరిగిన టిఫిన్ డబ్బాతో పాటు గోనెసంచిలో వేసి, వెనక వరండాలో ముఖం కడుక్కునే అద్దం కింద పెట్టారు. నా కథ ఇక కొలిమిలోనే అనుకున్నాను. కరగడం నాకు కొత్త కాదు. కాని యామీకి ఎలా ఉందో తెలియకుండా వెళ్ళిపోవాలంటే మాత్రం నాకు బాధగా ఉంది.

పొద్దున్నే యామీ అద్దం ముందుకొచ్చింది. వెనకే పళ్ళు తోమించడానికి హైమ. పిల్ల అద్దంలో చూసుకుంది. బుగ్గ రుద్దుకుంది.

“అమ్మా, నాకు పట్టలేదు.”

“ఏం పట్టలేదురా?”

“నీ రంగు.”

హైమకి అప్పటికి గాని అర్థం కాలేదు. పిల్ల తెలియక తాగిందనుకుంది ఆమె. కాఫీ వాసనకి ఆశపడిందనుకుంది, చిన్నప్పుడు తనలాగే. చేతిలో బ్రష్షు అలాగే ఉండిపోయింది. కంగారులో నోటికి వచ్చిన మాట అనేసింది.

“నా రంగెందుకురా నీకు? నువ్వు తెల్లగా ఎంత బాగున్నావు! తెల్లగా ఉంటేనే బాగుంటారు.”

యామీ తల ఎత్తి చూసింది. “మరి నువ్వు బాగోవా?”

తెల్లగా ఉంటేనే బాగుంటారన్న మాట ఎవరిదో నాకు తెలుసు. మాణిక్యాంబ మాటే అక్షరం పొల్లుపోకుండా కూతురి నోటి నుంచి ఊడిపడింది. హైమకి కూడా ఆ సంగతి తెలిసిపోయిందని ముఖం చూస్తే అర్థమైంది.

“నువ్వు బాగుంటావు” అని పిల్లే జవాబు చెప్పేసింది. “అందుకే తాగాను.”

హైమ అక్కడే గచ్చు మీద చతికిలబడి ఏడ్చింది. ఆమెని తెల్లబరచాలని చూసినవాళ్ళు ఉన్నారు, జాలిపడినవాళ్ళు ఉన్నారు, ‘నాకు రంగు పట్టింపు లేదు’ అని పెద్దమనసుతో పెళ్ళి చేసుకున్న మొగుడున్నాడు. ఆమె రంగు తనకి కావాలని కోరుకున్న మనిషి మాత్రం ఈ భూమ్మీద ఈ పిల్ల ఒక్కతే. కోరుకుని, చేదు మింగి, ఒళ్ళు పాడుచేసుకుంది. గోనెసంచిలో ఉన్న నాకే దుఃఖం ఆగలేదు.

ఏడుపు విని మాణిక్యాంబ గడప దగ్గరికొచ్చి నిలబడింది. హైమ కళ్ళు తుడుచుకుని, సంచిలో చెయ్యి పెట్టి నన్ను బయటికి తీసింది. యామీని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

“ఇది మా ఇంటి ఫిల్టరే. నేను నీ అంత ఉన్నప్పుడు దీంట్లోంచి ఒక్క చుక్క కూడా తాగలేదురా. అమ్మమ్మ తాగనివ్వలేదు. అయినా నా రంగు ఇదే. అప్పుడూ ఇదే.”

యామీ అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. “నిజమా అమ్మమ్మా?”

మాణిక్యాంబ తల ఊపింది. “నిజమే. ఒక్క చుక్క ఇవ్వలేదు.”

“మరి నువ్వు తాగేదానివా?”

“నేనా... రోజూ తాగేదాన్ని.”

“అప్పుడు నువ్వు ఏ రంగు?”

“పుట్టినప్పటి నుంచీ ఇదేనే.”

యామీ ముగ్గురి చేతుల్నీ మార్చి మార్చి చూసింది. “తాగిన అమ్మమ్మ తెల్లగా ఉంది. తాగని అమ్మ నల్లగా ఉంది. అయితే కాఫీ కాదు” అంది.

ఇంత చిన్న లెక్క! మాణిక్యాంబ రోజూ పొద్దునా సాయంత్రం నన్ను చేత్తో పట్టుకునీ, రోజూ అద్దంలో ముఖం చూసుకునీ, ఒక్కనాడూ కట్టలేకపోయింది. ఆవిడ గడప మీదే కూలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మరి నీకు రంగెవరిచ్చారమ్మా?”

“మా నాన్న. హాల్లో ఫొటో ఉంది చూడు, ఆ తాతయ్య.”

“నాకెవరిచ్చారు?”

తను విమానంలో వచ్చిన కథ యామీకి తెలుసు. దాన్ని పడుకునేటప్పుడు రోజూ చెప్పించుకుంటుంది. హైమ దాచలేదు. “నిన్ను కన్నమ్మ. కొండల దగ్గర ఉండే అమ్మ.”

“ఆ అమ్మ నాలా ఉంటుందా?”

“నేను చూడలేదురా. నిన్ను చూస్తే మాత్రం చాలా బాగుంటుందనిపిస్తుంది.”

“నా కళ్ళు?”

“ఆవిడవే అయ్యుంటాయి.”

“జుట్టు కూడానా?”

“అదీనూ.”

యామీ నుదుటి మీది జుట్టు లాగి చూసుకుంది. “అన్నీ ఆ అమ్మే ఇచ్చేసింది. మరి నువ్వు నాకేమిచ్చావు?”

నేను భయపడింది ఈ ప్రశ్న గురించే. హైమ కూడా ఇన్నాళ్ళూ దీనికే భయపడుతోందని అప్పుడు తెలిసింది. అన్నం పెట్టాను, ఇల్లిచ్చాను, బళ్ళో వేశాను అని చెప్పవచ్చు. అవి ఆయా కూడా చేస్తుందని ఘాట్‌లో ఆవిడ చెప్పకనే చెప్పింది కదా. హైమ నా మూత తీసి మళ్ళీ పెట్టింది. చివరికి, “ఆలోచించుకుని చెప్తాను” అంది. క్లాసులో లెక్క రాకపోతే పిల్లలకి కూడా అలాగే చెప్తుందట.

మాణిక్యాంబ లేచింది. ఎవరితోనూ ఏమీ అనకుండా, హైమ చేతిలోంచి నన్ను తీసుకుంది. చింతపండు పెట్టి తోమింది. పొడి వేసి, అణిచి, నీళ్ళు మరిగించి పోసింది. ఆ వేళ నేను తీరిగ్గానే దింపాను. తొందరపడవలసిన పొద్దు కాదది. యామీకి పాలు కలిపి డబరాలో పోసి ఇచ్చింది. ఆ తర్వాత మొదటి డికాషన్‌తో చిక్కగా ఒక్క గ్లాసు కాఫీ కలిపి తెచ్చి, కూతురి ముందు పెట్టింది.

“తాగవే” అంది. “అప్పుడే ఇవ్వాల్సింది.”

ఆ ఇంట్లోనూ ఈ ఇంట్లోనూ మాణిక్యాంబ తన చేత్తో హైమకి కాఫీ కలిపి ఇవ్వడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ హైమ కాఫీ హైమే కలుపుకునేది. ఆవిడ వారించలేదు గాని, అందించనూ లేదు. హైమ గ్లాసు ఎత్తి ఒక్క గుటక తాగింది. కళ్ళు మూసుకుంది. రోజూ అనే ఆ మాట మాత్రం గొంతు దాటి రాలేదు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడు పక్కనుంచి వినపడింది.

“హమ్మయ్య. ఇప్పుడు చెప్పండి.”

యామీ. డబరాని రెండు చేతులా పట్టుకుని, పై పెదవి మీద పాల మీసంతో, ఆ చిన్న కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని ఉంది. అదే నిట్టూర్పు. అదే తల వాల్చడం.

మాణిక్యాంబ ఉలిక్కిపడి చూసింది. “ఇది దీనికెవరు నేర్పారే?”

“ఎవరూ నేర్పలేదమ్మా.”

“నువ్వేనే!” మాణిక్యాంబ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. “పెళ్ళిచూపుల్లో డబరా పట్టుకుని అచ్చం ఇలాగే కూర్చున్నావు. ఒక్క రవ్వ తేడా లేదు. నా పోలికని ఊరంతా చెప్పుకు తిరిగాను, కళ్ళుండీ చూడలేదే. ఇది అచ్చు గుద్దినట్టు నీ పోలికే!”

హైమ కళ్ళు తెరిచింది. “యామీ, ఇందాక అడిగావు కదా, నాకేమిచ్చావని. ఇదిగో, ఇది ఇచ్చాను.”

“ఏది?” అని యామీ తన చేతులు చూసుకుంది, డబరా చూసుకుంది. ఏమీ కనపడలేదు. సరేలెమ్మని మళ్ళీ పాలు తాగింది.

పాత సామాన్లవాడు ఆ వారం వచ్చాడు. టిఫిన్ డబ్బా ఒక్కటే వాడికి దక్కింది. నేను బల్ల మీద నా చోట్లోనే ఉన్నాను. యామీకి అందని ఎత్తులో డికాషన్ ఉంచుతారిప్పుడు, అంతే తేడా. వీధిలో ఇంకా ‘నేపాలీ పిల్లా?’ అని అడిగేవాళ్ళున్నారు. ‘ఎవరి పోలికండీ?’ అనేవాళ్ళూ ఉన్నారు. మాణిక్యాంబ అందరికీ మొదటి మాటగా, “వాళ్ళమ్మ పోలిక” అని చెప్తోంది. వాళ్ళు పిల్లనీ తల్లినీ మార్చి మార్చి చూసి, ఆవిడకి చూపు మందగించిందనుకుంటారు. అల్లుడిది కళ్ళద్దాల షాపే కదా అని కూడా అంటారట.

మొన్న సాయంత్రం నన్ను తోమడానికి విప్పినప్పుడు యామీ వచ్చి, నా లోపలి నలుపు మీద వేలితో రాసి చూసింది. పోలేదు. నా మీదికి వంగి, ఎవరూ వినకుండా రహస్యం చెప్తున్నట్టు అంది.

“ఈ ఇంట్లో కాఫీ తాగి నల్లబడింది నువ్వొక్కదానివే.”